రోజువారీ కోతకు బటర్‌ఫ్లై నైఫా, మామూలు మడత చాకా?

పార్సిల్ టేపు కోయాలి. బియ్యం బస్తా మూతి దారం తెంపాలి. మధ్యాహ్నం జామకాయ ముక్కలు చేసుకోవాలి. జేబులోనో సంచిలోనో ఉండే చాకుకు రోజూ పడే పని దాదాపు ఇంతే. ఇందుకు బటర్‌ఫ్లై నైఫ్ (రెండుగా విడిపోయే పిడిలో బ్లేడు దాగే మడత చాకు) కొనవచ్చా అంటే జవాబు సూటిగా చెప్పవచ్చు. తెరిచి పట్టుకున్నాక అది చాలా గట్టి కత్తి. కానీ తెరవడం, మూయడం, కడగడం, వెంట తీసుకెళ్లడం అనే నాలుగు పనుల్లోనూ దానికంటే తేలికైన, చవకైన చాకులే మేలు. చాలా దేశాల్లో చట్టం కూడా దాన్ని వెంట ఉంచుకోనివ్వదు. కాబట్టి కొనేముందు దాని బలం ఎక్కడుందో, ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలి.

దాని నిర్మాణం

దీని అసలు పేరు బాలిసాంగ్. ఫిలిప్పీన్స్‌లో మనీలాకు దక్షిణాన ఉన్న బటాంగస్ దీని పుట్టిల్లు. అక్కడి తాల్ పట్టణ పరిధిలో బాలిసాంగ్ అనే ఊరే ఉంది. స్థానికంగా దీన్ని ‘ఇరవై తొమ్మిది’ అనే అర్థం వచ్చే స్పానిష్ మాటతోనూ పిలుస్తారు. తెరిచినప్పుడు 29 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. అక్కడి పాత పనివాళ్లు బండ్ల కమాను పట్టీ ఉక్కును సాగగొట్టి బ్లేడు చేసి, ఇత్తడి పిడికి గేదె కొమ్ము, ఎముక, కర్ర పలకలు తాపుతారు. మన ఊళ్లలో కమ్మరి కొడవలికి వాడేదీ ఆ కమాను పట్టీయే. అది పదును బాగా నిలిపే ఉక్కు, తడి తగిలితే తుప్పు పట్టే ఉక్కు కూడా.

బ్లేడు మొదట్లో పదును లేని దిమ్మ ఉంటుంది. ఆ దిమ్మకు రెండు రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో ఇరుసు, ఒక్కో ఇరుసుకు ఒక సగం పిడి. మూసినప్పుడు రెండు సగాలూ చెరో వైపు నుంచి వచ్చి బ్లేడును తమ గాడిలో దాచేస్తాయి. తెరిచినప్పుడు రెండూ వెనక్కి తిరిగి ఒకదానికొకటి ఆనుకొని ఒకే పిడి అవుతాయి. కొసన చిన్న గొళ్లెం ఉంటుంది. మూసినప్పుడు రెండు సగాలనూ అది కలిపి పడుతుంది. ఎక్కువ మోడళ్లలో తెరిచాక కూడా దాన్ని వేసుకోవచ్చు.

రెండు సగాలూ ఒకేలా కనిపించినా ఒకటి కాదు. పదును అంచు ఏ సగంలోకి మూసుకుంటుందో దాన్ని బైట్ హ్యాండిల్ అంటారు, అంటే కరిచే పిడి. బ్లేడు మొద్దు వైపు మూసుకునే సగం సేఫ్ హ్యాండిల్. సేఫ్ హ్యాండిల్ పట్టుకొని ఉండగా బ్లేడు ఊగి వేళ్లకు తగిలినా తగిలేది మొద్దు వైపే. బైట్ హ్యాండిల్ పట్టుకుంటే తగిలేది పదును. గొళ్లెం చాలా వాటిలో బైట్ హ్యాండిల్‌కే ఉంటుంది కానీ అన్నిటిలో కాదు. అందుకే గొళ్లాన్ని గుర్తుగా నమ్మకూడదు, బ్లేడు ఎటు మూసుకుంటోందో చూసుకోవాలి.

దాని అసలు బలం: పట్టే తాళం

మామూలు మడత చాకు ఎందుకు వేళ్ల మీద మూసుకుంటుందో చూస్తే బాలిసాంగ్ గొప్పతనం అర్థమవుతుంది. స్లిప్‌జాయింట్ అనే పాత రకం మడత చాకులో బ్లేడును నిలిపేది వెనక ఉన్న స్ప్రింగు ఒత్తిడి మాత్రమే. మొనతో ఏదైనా పొడిచి రంధ్రం చేయబోతే ఆ స్ప్రింగు లొంగి బ్లేడు మడుచుకుంటుంది. లైనర్ లాక్‌లో పిడి లోపలి పలుచని రేకు ఒకటి పక్కకు వంగి వచ్చి బ్లేడు దిమ్మ కింద నిలబడుతుంది. ఆ రేకు అరిగినా, అక్కడ ఇసుకో నూలుపోగో ఇరుక్కున్నా, బ్లేడు వీపు మీద దెబ్బ పడ్డప్పుడు జారిపోవచ్చు.

బాలిసాంగ్‌లో ఇలాంటి స్ప్రింగు గానీ రేకు గానీ లేదు. బ్లేడు మూసుకోవాలంటే పిడి రెండు సగాలూ విడిపోవాలి. వాటిని మీ గుప్పిట పట్టుకొని ఉంది. ఎంత బలంగా కోస్తే అంత గట్టిగా పట్టుకుంటారు కాబట్టి తాళం అంత గట్టిపడుతుంది. తాడు కోసినా, మందపాటి అట్ట చీల్చినా, మొన మీద బలం వేసినా వేళ్ల మీద మూసుకోదు. మడత చాకుల్లో ఇంతకంటే సరళమైన, ఇంతకంటే నమ్మదగిన తాళం ఏర్పాటు దొరకడం కష్టం. దుమ్ము పడ్డా చెడిపోయే భాగం అందులో లేదు.

అయితే ఆ బలం ఇరుసుల బిగువు మీద ఆధారపడి ఉంటుంది. లెక్క చూడండి. ఇరుసు దగ్గర 10 మిల్లీమీటర్ల వెడల్పున్న వాషరు పక్కన 0.1 మిల్లీమీటరు సందు ఉందనుకుందాం. 100 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న బ్లేడు మొన దగ్గర అది 1 మిల్లీమీటరు ఊగుగా కనిపిస్తుంది. చవక రకాల్లో ఇరుసు అంటే దెబ్బకొట్టి బిగించిన చీల మాత్రమే, మరచీల కాదు. వదులైతే మళ్లీ బిగించే దారి లేదు. జామకాయను పలుచగా కోయబోతే బ్లేడు వంకరగా పోవడానికి కారణం పదును తక్కువ కావడం కాదు, ఈ ఊగుడు.

ఎక్కడ ఇబ్బంది

మొదటిది తెరవడం. వీడియోల్లో గిరగిరా తిప్పుతూ తెరిచేది కోతకు అవసరం లేదు, అది వేరే సాధన. పని కోసం తెరవాలంటే రెండు చేతులూ వాడాలి. సేఫ్ హ్యాండిల్‌ను ఎడమచేత్తో పట్టి, గొళ్లెం తీసి, బైట్ హ్యాండిల్‌ను కుడిచేత్తో నెమ్మదిగా చుట్టూ తిప్పుకొచ్చి, రెండు సగాలూ కలిపి గుప్పిట మూయాలి. మూయడం ఇదే వరస వెనక్కి. పని చిన్నదే, కానీ టేపు ముక్క ఒకటి కోయడానికి ఇంత తతంగం రోజుకు పదిసార్లు చేయడం విసుగు. ఇంకో చేత్తో పార్సిలో తాడో పట్టుకొని ఉంటే ఇది కుదరదు. ఆ తొందరలోనే ఒంటిచేత్తో ఊపి తెరవబోయి చూపుడు వేలి కణుపు మీద కోసుకుంటారు.

రెండోది కడగడం. నిత్యం వాడేవారికి ఇదే పెద్ద లోపం. మామిడిపండు కోసిన రసం బ్లేడు వెంట దిమ్మ దాకా జారి, ఇరుసుల్లోకీ పిడి గాడిలోకీ పోతుంది. గాడి లోతుగా, ఇరుకుగా ఉంటుంది. ఒకే లోహపు కడ్డీని తొలిచి చేసిన చానల్ రకంలో గుడ్డ లోపలి దాకా పోదు, టూత్‌బ్రష్షు, వేడినీళ్లు కావాలి. రెండు పలకల మధ్య బిళ్లలు పెట్టి మరలతో బిగించే శాండ్‌విచ్ రకంలో అంచులు తెరిచి ఉంటాయి కాబట్టి నీళ్లు పోసి కడిగితే చాలావరకు బయటికి వస్తుంది. తినే వస్తువులు కోయాలనుకుంటే శాండ్‌విచ్ రకమే తీసుకోవాలి. కార్బన్ ఉక్కు బ్లేడు అయితే నిమ్మకాయ, మామిడికాయ పులుపుకు గంటలోనే నల్లబారుతుంది. కోసిన వెంటనే తుడిచి, కొబ్బరినూనె కాదు, వాసన లేని ఆహారపు రకం మినరల్ ఆయిల్ ఒక చుక్క రాయాలి. కొబ్బరినూనె చలికి ఇరుసుల్లో గడ్డకడుతుంది.

మూడోది పరిమాణం. 10 సెంటీమీటర్ల బ్లేడున్న బాలిసాంగ్ మూసినప్పుడు సుమారు 13 సెంటీమీటర్లు, తెరిస్తే 23. ఉక్కు పిడి ఉంటే బరువు 150 గ్రాములు దాటుతుంది. ప్యాంటు జేబులో అడ్డంగా తిరిగి తొడకు గుచ్చుకుంటుంది. చాలా వాటికి జేబు క్లిప్పు ఉండదు, క్లిప్పు పెడితే పిడి పట్టు చెడుతుంది. పైగా గొళ్లెం అరిగి వదులైతే జేబులోనే పిడి విచ్చుకుంటుంది. పదును అంచు బయటపడడానికి రెండు వేళ్ల సందు చాలు.

నాలుగోది బ్లేడు ఆకారం. అమ్మకానికి వచ్చే వాటిలో చాలా భాగం సన్నగా, పొడవుగా, మొన కోసుగా ఉంటాయి. వంకీలు తిరిగిన క్రిస్ ఆకారాలు కూడా ఉంటాయి. కాయలు కోయడానికి కావలసింది వెడల్పు, పలుచదనం, కాస్త కడుపు తిరిగిన అంచు. వంకీల బ్లేడుకు బల్లపరుపు సానరాయి మీద పదును పెట్టడమే కుదరదు.

పోటీలో ఉన్నవి

కార్టన్లు, టేపులు, అట్టపెట్టెలు మీ ప్రధాన పని అయితే విరిచే బ్లేడు కట్టరే సరైన ఎంపిక. స్టేషనరీ షాపులో పేపర్ కట్టర్ అని అడిగితే ఇస్తారు. 1956లో జపాన్‌లో యోషియో ఒకాడా ఈ విరిచే బ్లేడును రూపొందించారు. తర్వాత అదే ఓల్ఫా కంపెనీ అయింది. కాగితం, టేపు అయితే 9 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. మందపాటి కార్టన్‌కు 18 మిల్లీమీటర్లది తీసుకోవాలి. బ్లేడును ఒకటి రెండు గీతలకు మించి బయటికి తీయకూడదు. నాలుగైదు గీతలు తీసి పక్కకు వంచితే అది విరిగి ఎగిరి కంట్లో పడే ప్రమాదం ఉంది. విరిచిన ముక్కలను చెత్తబుట్టలో నేరుగా వేయకుండా మూతున్న పాత మాత్రల డబ్బాలో జమచేసి, నిండాక టేపు చుట్టి పారేయాలి. చెత్త తీసేవారి చేతుల గురించి ఆలోచించాల్సిన విషయం ఇది. కొత్త బ్లేడుకు తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది. పళ్లు కోయడానికి వాడవద్దు.

పళ్లు, రొట్టె, దారం, అప్పుడప్పుడు కవరు అన్నీ ఒకే చాకుతో కావాలంటే ఒపినెల్ 8 నెంబరు గానీ, విక్టోరినాక్స్ 91 మిల్లీమీటర్ల రకం గానీ చూడండి. ఒపినెల్ ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతానిది, 1890 నుంచి ఉంది. 8 నెంబరు బ్లేడు 8.5 సెంటీమీటర్లు, బరువు 50 గ్రాముల లోపే. 1955లో దానికి తిప్పి బిగించే ఉంగరం తాళం వచ్చింది. బ్లేడు పలుచన కాబట్టి మామిడికాయ ముక్కలకు బాలిసాంగ్ కంటే ఎన్నో రెట్లు హాయి. లోపం ఒకటే. పిడి కర్రది, వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బి బ్లేడు తెరుచుకోదు. పిడి అడుగు కొసను బల్ల మీద తట్టితే బ్లేడు మొన కాస్త బయటికి వస్తుంది, అప్పుడు గోటితో లాగవచ్చు. నీళ్లలో నానబెట్టి కడగకూడదు. తీరప్రాంత జిల్లాల్లో ఉండేవారు కార్బన్ రకం వదిలేసి స్టెయిన్‌లెస్ రకమే తీసుకోవాలి.

విక్టోరినాక్స్‌కు తాళం లేదు, స్లిప్‌జాయింటే. మొనతో పొడిచే పని చేయకపోతే అది లోపం కాదు. సీసా మూత తీసే పరికరం, స్క్రూడ్రైవరు కూడా అదే పిడిలో ఉంటాయి, రెండు బ్లేళ్ల చిన్న రకాలు 60 గ్రాముల దగ్గర ఉంటాయి. ఆఫీసులో బల్ల మీద పెట్టినా ఎవరూ ఉలిక్కిపడరు. నలుగురి మధ్య వాడే వస్తువుకు ఈ గుణం చిన్నది కాదు. బాలిసాంగ్ తీయగానే పక్కవాళ్లు వెనక్కి జరుగుతారు.

ఒక చేయి ఎప్పుడూ ఖాళీ లేని పని, అంటే నిచ్చెన మీద ఎలక్ట్రికల్ పని, తోటలో డ్రిప్ పైపులు, గోదాములో తాళ్లు చూసేవారికి బొటనవేలితో తెరుచుకునే లైనర్ లాక్ లేదా ఫ్రేమ్ లాక్ (లోపలి రేకు బదులు పిడి పలకే తాళమయ్యే రకం) చాకు, జేబు క్లిప్పుతో ఉన్నది తీసుకోవాలి. ఒంటిచేత్తో తెరవడమే కాదు, ఒంటిచేత్తో మూయడం కూడా కుదరాలి. కొనేటప్పుడు తాళం రేకు దిమ్మ కింద కనీసం పావు వంతు మందం వరకైనా వచ్చి ఆగుతోందా, తెరిచిన బ్లేడును అటూఇటూ ఊపితే శబ్దం వస్తోందా చూడండి.

బాలిసాంగ్ సూత్రం నిత్యజీవితంలో నిజంగా స్థిరపడింది ఒక్క చోట, అది కటింగ్ ప్లయర్ ఉన్న మల్టీటూల్‌లో, అంటే ఒకే పిడిలో చాలా పనిముట్లు ఇమిడిన సాధనంలో. 1983లో మార్కెట్లోకి వచ్చిన లెదర్‌మన్ మొదటి మల్టీటూల్ చూడండి. రెండు పిడి సగాలు చెరో ఇరుసు మీద తిరిగి ప్లయర్ దవడలను మూసేస్తాయి, తెరిస్తే అవే ప్లయర్ చేతులవుతాయి. అక్కడ రెండు పిడులూ నొక్కడానికే కావాలి కాబట్టి రెండు పిడుల ఏర్పాటు అతికినట్టు సరిపోయింది. కోతకు రెండు పిడులు అక్కర్లేదు. ఇంట్లో వైర్లు, స్క్రూలు, గ్యాస్ పైపు క్లిప్పు లాంటి పనులు కూడా ఉంటే బాలిసాంగ్‌కు పెట్టే డబ్బు దీనికి పెట్టండి. బరువు మాత్రం 200 గ్రాములు దాటే రకాలే ఎక్కువ, జేబుకంటే సంచికే తగినవి.

ఇంట్లో కూరగాయలకు మడత చాకు ఏదీ వద్దు. మడత ఉన్న చోటల్లా తడి నిలుస్తుంది. చిన్న స్థిరమైన చాకో, రెండు చేతులూ కాయ మీదే ఉంచనిచ్చే కత్తిపీటో మేలు.

చట్టం సంగతి

మన దేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం 9 అంగుళాలకు మించిన పొడవు గానీ 2 అంగుళాలకు మించిన వెడల్పు గానీ ఉన్న బ్లేళ్లు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి, సాగు, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు తయారైనవాటికి మినహాయింపు ఉంది. మామూలు బాలిసాంగ్ బ్లేడు ఆ కొలత కంటే చిన్నదే. కానీ అంతటితో నిశ్చింతగా ఉండకూడదు. ఢిల్లీలో 1980 నాటి ఉత్తర్వు బటన్, స్ప్రింగు లేదా మరే యాంత్రిక ఏర్పాటుతోనైనా తెరుచుకునే చాకుల్లో 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు, అంతకు మించి ఉన్నవాటిని ఆయుధాల కింద లెక్కించింది. విమానంలో ఏ చాకైనా చేతిసంచిలో కుదరదు, చెకిన్ సామానులోనే పెట్టాలి.

విదేశాల్లో ఉండే మనవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇండియాలో కొని సామానులో పెట్టుకొని వెళ్లడం పెద్ద తప్పవుతుంది. బ్రిటన్‌లో 1988 నుంచి బటర్‌ఫ్లై నైఫ్ నిషిద్ధ ఆయుధాల జాబితాలో ఉంది. 2021 నుంచి ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే. అక్కడ తాళం లేని, 3 అంగుళాల లోపు అంచున్న మడత చాకు కారణం చెప్పకుండానే వెంట ఉంచుకోవచ్చు, అంటే చిన్న విక్టోరినాక్స్ సరిపోతుంది, ఒపినెల్ 8 సరిపోదు. జర్మనీలో 2003 నుంచి బటర్‌ఫ్లై నైఫ్ నిషిద్ధం. కెనడాలోనూ అంతే. అమెరికాలో రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో దీన్ని స్విచ్‌బ్లేడ్‌గానే (బటన్ నొక్కితే తెరుచుకునే చాకుగానే) చూస్తారు, 2 అంగుళాలూ అంతకు మించిన బ్లేడు వెంట తీసుకెళ్లకూడదు.

అయినా బాలిసాంగే కావాలంటే

ఆ పనితనం మీద ఇష్టంతోనో, బటాంగస్ హస్తకళ మీద గౌరవంతోనో కొనేవారుంటారు, ఆ ఇష్టంలో తప్పులేదు. చట్టం అనుమతించే చోట, ఇంట్లో, బల్ల దగ్గర కోతకు వాడుకోవచ్చు. కొనేముందు ఇవి చూడండి.

ఇరుసులు మరలతో బిగించినవై ఉండాలి. సాధారణంగా వాటికి టి8 లేదా టి10 టార్క్స్ బిట్టు (ఆరు మొనల నక్షత్రం ఆకారపు స్క్రూడ్రైవరు మొన) సరిపోతుంది. మరలను ఊగు పోయేదాకా బిగించి, తర్వాత కొద్దిగా వదలాలి. ఒక సగాన్ని నిలువుగా పట్టుకుంటే రెండోది తన బరువుకే జారాలి, అదే సమయంలో పక్కకు ఊగకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదరకపోతే వాషరు అరిగిందని అర్థం. మరలు తమంతట వదులవుతుంటే మర పళ్లకు మాత్రమే నీలిరంగు మధ్యస్థ థ్రెడ్‌లాకరు (మర వదులవకుండా పట్టే జిగురు) అగ్గిపుల్ల మొనంత రాయండి. అది వాషర్ల మీదికి పాకితే పిడి బిగుసుకుపోతుంది.

దిమ్మలోని ఆపుడు చీలలు చూడండి. మూసినప్పుడు పిడిని ఆపేవి అవే. అవి అరిగినా, చవక రకంలో సరిగా కొలవకుండా పెట్టినా, బ్లేడు అంచు గాడి అడుగుకు తగిలి ప్రతిసారీ ఒకే చోట మొద్దుబారుతుంది. పరీక్షకు, మూసి గొళ్లెం వేసి, బలంగా నొక్కి, మళ్లీ తెరిచి అంచు మీద వెలుతురు పడేలా తిప్పండి. ఒక చోట తెల్లగా మెరిసే చుక్క కనిపిస్తే అది మొద్దుబారిన చోటు. అలాంటిది కొనవద్దు.

పదును పెట్టేటప్పుడు రెండు సగాలూ కలిపి గొళ్లెం వేయాలి, లేకుంటే వేలాడే పిడి రాయికి తగులుతూ కోణం మారిపోతుంది. తాళ్లు, అట్ట కోసే బ్లేడుకు ఒక్కో వైపు 20 డిగ్రీలు సరిపోతుంది. పిడి దగ్గరి ఒకటి రెండు సెంటీమీటర్లకు రాయి సరిగా అందదు, అక్కడ సన్నని సిరామిక్ కడ్డీ వాడాలి.

తిప్పడం నేర్చుకోవాలనుకుంటే పదును లేని ట్రైనర్ వేరే కొనండి, కోత కత్తితో సాధన చేయవద్దు. వారానికోసారి గొళ్లెం మీద కూడా కన్నేయండి. మూసి, గొళ్లెం వేసి, మంచం మీది పరుపు మీద కొద్ది ఎత్తు నుంచి రెండు మూడుసార్లు జారవిడవండి. ఒక్కసారైనా తనంతట విచ్చుకుంటే గొళ్లెం మార్చేదాకా దాన్ని జేబులో గానీ, పిల్లల చేతికందే సొరుగులో గానీ పెట్టకండి.